గన్ లైసెన్స్: దరఖాస్తు ఎలా, డబ్బు ఎక్కడెక్కడ అవుతుంది

గన్ లైసెన్స్ గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఫీజు ఎంత అనే. నిజానికి మొత్తం ఖర్చులో అన్నిటికంటే చిన్నది అదే. ట్రైనింగ్, తుపాకీ, దాని మీద పన్ను, దాచడానికి లాకరు, తూటాలు, మధ్యలో ఎలక్షన్ వస్తే తుపాకీ డిపాజిట్ చేయడానికి తిరుగుడు, ఐదేళ్లకోసారి రెన్యువల్, ఇవన్నీ కలిపి చూస్తే ఫీజు లెక్కలోకే రాదు. ఇంకో సంగతి, డబ్బు ఏ వరసలో ఖర్చు పెడుతున్నాం అన్నది కూడా ముఖ్యమే. లైసెన్స్ చేతికి రాకముందే డీలర్ దగ్గర రివాల్వర్ నచ్చిందని అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఉంటారు, దయచేసి ఆ పని చేయకండి. లైసెన్స్ వస్తుందన్న గ్యారంటీ ఎవరికీ లేదు.

మన దేశంలో ఇదంతా 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాల ప్రకారం నడుస్తుంది. జిల్లాల్లో లైసెన్స్ ఇచ్చేది కలెక్టర్, కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీస్ కమిషనర్. 21 ఏళ్లు నిండి ఉండాలి. హింసకు సంబంధించిన కేసులో శిక్ష పడినవాళ్లకి శిక్ష ముగిశాక కూడా ఐదేళ్లు దారి మూసుకుపోయినట్టే. శాంతిభద్రతల కోసం బైండోవర్ అయినవాళ్లకి ఆ బాండు గడువు తీరేదాకా కుదరదు.

అప్లికేషన్ నింపే ముందు తేల్చుకోవాల్సింది ఏ ఆయుధం కావాలన్నది. చాలామంది సినిమా ఊపులో నేరుగా పిస్టల్ అని రాసేస్తారు. చట్టం చూసే తీరు వేరు. 20 అంగుళాలకి తగ్గని బ్యారెల్ ఉన్న 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి సైజు) లాంటి తుపాకీ ఆత్మరక్షణకో క్రీడకో కావాలన్నా, పంట కాపలాకి గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ కావాలన్నా, మిగతా అర్హతలు సరిపోతే ఇవ్వాలనే 13వ సెక్షన్ చెబుతోంది. రివాల్వర్, పిస్టల్ అయితే మీకు తగిన కారణం ఉందని అధికారి నమ్మాలి. వృత్తి వల్లో వ్యాపారం వల్లో ప్రాణానికి, ఆస్తికి నిజంగా ముప్పు ఉందని కాగితం మీద చూపించగలిగితేనే ఫైలు కదులుతుంది. సినిమాల్లో కనపడేవి చాలావరకు నిషేధిత బోర్, మామూలు మనిషికి దొరికేది పాయింట్ 32, పాయింట్ 22 లాంటి ఎన్‌పీబీ, అంటే నిషేధం లేని బోర్ రకాలే. పంట కాపలాకి లైసెన్స్ ఇచ్చారంటే అడవి పందిని కాల్చుకోమని రాసిచ్చినట్టు కాదు, దానికి 1972 వన్యప్రాణి చట్టం విడిగా ఉంది.

ఇక దరఖాస్తు. కేంద్ర హోం శాఖ వారి ఎన్‌డీఏఎల్ (ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేస్) ఆన్‌లైన్ వ్యవస్థలో ఎ-1 ఫారం నింపాలి. పుట్టిన తేదీకి, గుర్తింపుకి, చిరునామాకి రుజువులు, తెల్ల బ్యాక్‌గ్రౌండుతో నాలుగు ఫొటోలు, మానసికంగా శారీరకంగా బాగున్నారని, మత్తు అలవాట్లు లేవని డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్, ఆయుధాన్ని భద్రంగా దాస్తానని హామీ పత్రం కావాలి. ఆదాయపు పన్ను రిటర్నులు కూడా చాలా చోట్ల అడుగుతారు, ముందే తీసి పెట్టుకోండి. ఫీజు ఆయుధం రకాన్ని బట్టి మారుతుంది, చలానా మీ పేరు మీదే ఉండాలి. దీని పైన స్టాంపు డ్యూటీ లాంటివి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి పక్క రాష్ట్రంలో ఉన్న బావమరిది చెప్పిన అంకె మీకు పనికిరాదు, మీ ఆఫీసు ఆయుధాల సెక్షన్లోనే అడగండి. "పైన మాట్లాడతాను" అంటూ ఒకాయన ఆఫీసు బయట తగులుతాడు. అతనికిచ్చే డబ్బుకి రసీదు ఉండదు, అతని మాటకి విలువా ఉండదు.

ట్రైనింగ్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే జనం తేలిగ్గా తీసుకునేది ఇదే. 2016 నియమాల ప్రకారం ఆయుధ భద్రతా శిక్షణ పూర్తి చేసినట్టు ఎస్-1 ఫారంలో సర్టిఫికెట్ తేవాలి. గుర్తింపు ఉన్న ట్రైనర్ దగ్గరే చేయాలి, లేకపోతే ఆ కాగితం చెల్లదు. అది అప్లికేషన్‌తోనే పెట్టాలా, మంజూరుకు ముందు ఇస్తే సరిపోతుందా అన్నది మీ ఆఫీసులో కనుక్కున్నాకే ఫీజు కట్టండి.

నేను వెళ్లినప్పుడు గంటలోపు గురి చూసి కాల్పిస్తారనుకున్నాను. పొద్దున్నంతా ఖాళీ తుపాకీతోనే గడిచింది. డబుల్ బ్యారెల్ విరవడం (అంటే మధ్యలో వంచి తెరవడం), లోపల తూటా లేదని కంటితో చూడడం, చిటికెన వేలు పెట్టి మళ్లీ చూడడం, మూయడం, పక్కవాడికి ఇచ్చే ముందు మళ్లీ విరిచి చూపించడం. పదోసారికి విసుగొచ్చి చూడకుండా మూసేశాను. ఆ ట్రైనర్ ఏమీ అనలేదు, తుపాకీ తీసుకుని బల్ల మీద పెట్టి నన్ను వరస చివరికి పంపించాడు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా పక్కగా చాపి ఉంచడం అలవాటయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అసలు కాల్చింది లెక్కపెట్టి ఐదు రౌండ్లు, వాటికి డబ్బు విడిగా. చేరే ముందు ఫీజులో తూటాలు కలిసి ఉన్నాయా లేదా అన్నది అడగమని అందుకే చెప్తున్నా. క్లబ్‌లో అయితే మెంబర్‌షిప్, రేంజ్ చార్జీ, తూటాలు మూడూ మూడు లెక్కలు. నాకైతే మొత్తం ఖర్చులో దండగ అనిపించనిది ఈ ట్రైనింగ్ ఒక్కటే.

అప్లికేషన్ అందాక అది మీ స్టేషన్‌కి వెరిఫికేషన్‌కి వెళ్తుంది. పోలీసు రిపోర్టుకి 30 రోజులు, ఆ రిపోర్టు వచ్చాక నిర్ణయానికి 60 రోజులు అని నియమాల్లో ఉంది. ఆచరణలో అంతకంటే సాగుతుంది, కనుక్కుంటూ ఉండాలి. ఇంటికొచ్చి అడిగేది ముప్పు గురించే కాదు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పిల్లలున్నారా, ఎక్కడ పెడతారు అని కూడా చూస్తారు. గోడకి బిగించిన తాళం లాకరు చూపించగలిగితే మంచిది. ఆస్తి తక్కువ ఉందన్న ఒక్క కారణంతో లైసెన్స్ కాదనకూడదని 14వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది, "మీకేం ఆస్తి ఉందని గన్ను" అని ఎవరైనా అంటే ఇది గుర్తు చేయండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, దానికీ ఫీజు ఉంది.

మంజూరయ్యాక అసలు ఖర్చు మొదలు. ఒక్క అంకె చెప్తాను: 2014లో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్లు నిర్భీక్ అని అరకిలో బరువున్న పాయింట్ 32 రివాల్వర్ తెచ్చారు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. దీనికి తోడు రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. అంటే లక్ష రూపాయల ఆయుధానికి పన్నే నలభై వేలు. కొన్నాక అధికారులకి చూపించి నంబరు లైసెన్స్‌లో ఎక్కించుకునేదాకా పని పూర్తయినట్టు కాదు.

తర్వాత కూడా జేబుకి చిల్లు ఆగదు. ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు అన్నది లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో కూడా అందులోనే ఉంటుంది, అది దాటి పట్టుకెళ్తే కేసు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే డిపాజిట్ చేయమని నోటీసు రావచ్చు, స్టేషన్లో ఇస్తే రసీదు జాగ్రత్త, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర ఉంచితే అద్దె ఎంతో ముందే మాట్లాడుకోండి. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చడం 2019 సవరణ తర్వాత విడిగా నేరం, రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

అదే సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, మనిషికి మూడు ఆయుధాలు ఉండే చోట రెండే అయ్యాయి. ఈ రెండు లెక్కలోకి తాతగారి తుపాకీ కూడా వస్తుంది. ఇంట్లో పెద్దాయనకి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా వారసుడి పేరు మీదికి మార్చమని అడగొచ్చు. కొనే ఖర్చు మిగులుతుంది గానీ ట్రైనింగ్, వెరిఫికేషన్ తప్పవు. పెద్దాయన పోయాక బీరువాలో అలాగే వదిలేస్తే మాత్రం లైసెన్స్ లేని ఆయుధం కింద లెక్క, దానికి కనీస శిక్షే రెండేళ్లు. ఇంట్లో అలాంటిది ఉంటే ముందు స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి, లైసెన్స్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.