నట్లు పెంచితే లోలకం నెమ్మదించింది: మేం సరిచేసిన తీరు

మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి దారంతో లోలకం కట్టింది. ముందు ఒక నట్టు, తర్వాత ఐదు. నట్లు పెరిగేకొద్దీ ఊపు నెమ్మదిస్తోంది! పాఠంలోనేమో బరువుతో సంబంధం లేదని ఉంది.

కట్టిన తీరు చూస్తే విషయం తెలిసింది. నట్లు ఒకదాని కింద ఒకటి దండలా వేలాడుతున్నాయి. అలా కడితే గురుత్వ కేంద్రం, అంటే బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కవేసే బిందువు, కిందికి దిగుతుంది. బరువుతోపాటు లోలకం పొడవూ పెరిగిపోతుందన్నమాట. 50 సెం.మీ. లోలకం 20 ఊపులకి (ఒక ఊపు అంటే అటు వెళ్లి తిరిగి రావడం) సుమారు 28.4 సెకన్లు తీసుకుంటుంది. కేంద్రం 5 సెం.మీ. దిగితే చాలు, 29.8 అవుతుంది.

దారం చివర పిన్నీసు కట్టి, నట్లన్నీ దానికే పక్కపక్కన తగిలించాం. పొడవు మేకు నుంచి నట్టు మధ్య వరకు కొలిచాం. ఊపు 10 డిగ్రీలు దాటనివ్వలేదు. ఒక్క ఊపుని కొలవకండి, స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యమే లెక్కని పాడుచేస్తుంది. 20 ఊపులు కొలిచి భాగించండి. లోలకం అడుగున ఒకే దిశలో దాటే క్షణం నుంచి లెక్కపెడితే ఇంకా కచ్చితంగా వస్తుంది.

ఇప్పుడు ఒక నట్టుకైనా ఐదింటికైనా 28.4 దగ్గరే. భూమి లాగే బలం ఐదింతలైతే, కదలాల్సిన ద్రవ్యరాశీ ఐదింతలే కదా! టీచర్లు కూడా, పిల్లల రికార్డులో తేడా కనిపిస్తే మార్కులు తగ్గించే ముందు ఒకసారి ఆ ముడులు చూడండి.