గ్లియాను విడదీయడం: షేకర్ మీద ఒక రాత్రి

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే, గ్లియాను (మెదడులో న్యూరాన్లకి తోడుగా ఉండే కణాలు) రకాలవారీగా విడదీసేటప్పుడు తొందరపడి ఫ్లాస్క్ ఊపొద్దు. నేను ఐదో రోజే ఊపాను. ఇంకా సరిగ్గా అతుక్కోని పొర మొత్తం చాపలా చుట్టుకుని లేచిపోయింది.

ఒకటి రెండు రోజుల ఎలుక పిల్లల కార్టెక్స్ (మెదడు పై పొర) కణాలను (ఎథిక్స్ అనుమతి వచ్చాకే) పాలీ-డి-లైసిన్ (కణాలు అతుక్కోడానికి వేసే పూత) పూసిన ఫ్లాస్క్‌లో, సీరం కలిపిన మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవం) వేస్తాం. అందులో న్యూరాన్లు చాలావరకు చచ్చిపోతాయి. గ్లియా మిగులుతుంది. ఏడు నుంచి పది రోజుల్లో అడుగున ఆస్ట్రోసైట్లు అనే రకం గ్లియా పరుచుకుంటుంది. వాటి మీద ఇంకో రెండు రకాలు ఉంటాయి: గుండ్రంగా మెరిసేవి మైక్రోగ్లియా, ముదురుగా సన్నని కొమ్మలతో కనిపించేవి ఆలిగోడెండ్రోసైట్ల పూర్వకణాలు. అడుగు పొర ఖాళీల్లేకుండా నిండిందా లేదా చూడండి, రోజులు లెక్కపెట్టడం తర్వాత.

షేకర్ (ఫ్లాస్క్‌ని ఊపే యంత్రం) మీద పెట్టేముందు మూత గట్టిగా బిగించండి. లేకపోతే కార్బన్ డయాక్సైడ్ పోయి తెల్లారేసరికి మీడియం ఊదారంగుకి తిరుగుతుంది. 37 డిగ్రీల దగ్గర ముందు ఓ గంట ఊపితే మైక్రోగ్లియా తేలుతుంది. పారబోయకండి! ఎదిగే మెదడులో అక్కర్లేని సినాప్సులను (న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు) తినేసేది ఇదే. కొత్త మీడియం పోసి, నిమిషానికి 200 నుంచి 250 చుట్లతో రాత్రంతా తిప్పండి. మెకార్తీ, డి వెల్లిస్ అనే శాస్త్రవేత్తలు 1980లో చూపించిన పద్ధతి ఇది. పొద్దున తేలినవాటిని ఏ పూతా లేని డిష్‌లో అరగంట ఉంచితే మిగిలిన మైక్రోగ్లియా దానికి అతుక్కుంటుంది, పూర్వకణాలు పై ద్రవంలో ఉండిపోతాయి. మయెలిన్ (నరాల పోగుల చుట్టూ ఉండే కొవ్వు పొర) తొడిగే కణాలు వీటినుంచే వస్తాయి.

అడుగున మిగిలిన ఆస్ట్రోసైట్లను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో లేపి మరో డిష్‌లో వేసుకోండి. ఆస్ట్రోసైట్లలో ఉండే జీఎఫ్ఏపీ అనే ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీతో రంగు వేస్తేగానీ శుద్ధి ఎంతో తెలీదు. సీరంలో పెరిగినవి మెదడులోని ఆస్ట్రోసైట్లలా అచ్చంగా ఉండవు, ఫలితాలు రాసేటప్పుడు ఆ సంగతి దాచొద్దు.

నాకిష్టమైన పని ఆ తర్వాతే. కవర్‌స్లిప్ (పల్చటి గాజు బిళ్ల) మీద పారాఫిన్ మైనం చుక్కలు పెట్టి, న్యూరాన్లు పెంచి, వాటి ముఖం కిందికి ఉండేలా ఆస్ట్రోసైట్ల పైన బోర్లించండి. చుక్కల వల్ల రెండూ తాకవు. అయినా ఆస్ట్రోసైట్లు వదిలే ప్రోటీన్లు న్యూరాన్లకి చేరతాయి. వాటిలో థ్రాంబోస్పాండిన్లు సినాప్సులు కట్టిస్తాయని 2005లో తేలింది. పక్కనే గ్లియా లేని డిష్ ఒకటి పెట్టుకోండి, రెండు వారాలయ్యాక రెండింట్లోనూ సినాప్సులు లెక్కపెట్టండి.