సంతకం కప్పేసి కత్తి చూడండి: కటానా కొనేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వారం నిషికసాయ్ నుంచి ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. గుంటూరు వైపు అబ్బాయి, టోక్యోలో నాలుగేళ్లుగా ఉద్యోగం. చేతిలో పొడవాటి గుడ్డ సంచి, దాంతోపాటు ఒక కవరు. కూర్చోకుండానే అడిగాడు: "అన్నా, గిమేయ్ అంటే ఏంటి?"

నాకు విషయం అర్థమైపోయింది. గిమేయ్ అంటే దొంగ సంతకం. వసంతంలో ఒక ఆన్‌లైన్ వేలంలో ఏడు లక్షల యెన్ పోసి కటానా, అంటే జపాన్ సమురాయ్‌ల పొడవాటి కత్తి, కొన్నాడు. పిడి లోపలి ఇనుము మీద కొతెత్సు అనే పేరుమోసిన పాతకాలపు కమ్మరి పేరు చెక్కి ఉంది. అమ్మినవాడు తన సొంత లెటర్‌హెడ్ మీద "అసలైనదే" అని రాసిచ్చాడు. నిపుణుల పరీక్షకు పంపితే పత్రం రాలేదు, కత్తి తిరిగొచ్చింది. ఏడు లక్షలూ రెండేళ్ల పొదుపు. ఇంట్లో ఇంకా చెప్పలేదట.

ఇలాంటివాళ్లను నేను చూడటం ఇది ఐదోసారి. మొదటివాణ్ని నేనే, ఆ కథ తర్వాత. శరదృతువు వస్తోంది, టోక్యో షింబాషిలో ఏటా జరిగే పెద్ద కత్తుల సంత వస్తోంది. డిసెంబర్ సెలవులకు ఇండియా నుంచి వచ్చే చుట్టాలు "ఒక మంచి సమురాయ్ కత్తి చూసిపెట్టు" అని మెసేజ్‌లు మొదలుపెట్టారు. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నా. చైనా నుంచి వచ్చే మెరుపు కత్తులు కొనొద్దు, బేరం ఆడండి లాంటివి మీకు తెలుసు. వాటి జోలికి పోను.

నేను చెప్పేది ఒక్కటే. సంతకం చూసి కత్తి కొనొద్దు.

జపాన్ కత్తిలో పిడి లోపలికి వెళ్లే భాగాన్ని నకాగో అంటారు. కమ్మరి తన పేరు చెక్కేది అక్కడే. కత్తి చేయడానికి వారాలు పడుతుంది. తమహగానె అనే ఉక్కును కాల్చి, మడిచి, సాగ్గొట్టి, వాదర వెంట మట్టి పల్చగా, వెన్ను వైపు మందంగా పూసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. పేరు చెక్కడానికి ఉలి, సుత్తి, ఒక గంట చాలు. రెండింట్లో దొంగ పనికి ఏది అనువుగా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇది ఈ కాలపు మోసం కూడా కాదు. ఎడో కాలంలో (17 నుంచి 19వ శతాబ్దం దాకా) ప్రభువులు ఒకరికొకరు కత్తులు కానుకగా ఇచ్చుకునేవారు, కానుక అంటే పెద్ద పేరుండాలి. గిరాకీ ఉన్నచోట సరుకు పుడుతుంది. అందుకే మూడు వందల ఏళ్ల నాటి దొంగ సంతకాలు కూడా ఉన్నాయి. కత్తి పాతది, తుప్పు పాతది, సంతకమూ పాతదే, అయినా దొంగదే. 17వ శతాబ్దపు కొతెత్సు పేరు ఎంతగా దొంగిలించారంటే, ఆ పేరు కనిపిస్తే ముందు దొంగదనే అనుకోమని ఇక్కడ కొత్తవాళ్లకు నేర్పుతారు. 19వ శతాబ్దపు షిన్‌సెన్‌గుమి అనే సమురాయ్ దళం నాయకుడు కొండో ఇసామి గర్వంగా మోసిన కొతెత్సు కూడా అసలైనది కాదని చాలామంది అభిప్రాయం. యుద్ధాలు చేసినవాడికే తప్పలేదు, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మనమెంత! ఇక జపాన్ కమ్మరుల్లో అందరికన్నా పేరున్న మసమునె సంగతి. ఆయన సంతకంతో నిపుణులు ఒప్పుకున్న కత్తులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి నకాగో మీద మసమునె అని కొట్టొచ్చినట్టు కనిపిస్తే, అదే మొదటి అనుమానం.

సంతకం నిజమైనా మోసపోవచ్చు. ఒకాయామా దగ్గర ఒసాఫునెలో 16వ శతాబ్దంలో సుకెసాద అనే పేరుతో ఎందరో కమ్మరులు పనిచేశారు. యుద్ధాల కాలం, కట్టలు కట్టలుగా కత్తులు కావాలి. ఊరి పేరు, సుకెసాద అనే పేరు మాత్రమే ఉన్నవి చాలావరకు ఆ గంపగుత్త సరుకే. యోసొజాయెమోన్ లాంటి సొంత పేరు కూడా కలిపి చెక్కినవి ఎవరో అడిగి చేయించుకున్న మేలురకం. రెండూ సుకెసాదలే, ధరల్లో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. నేను కొన్న మొదటి కత్తి ఈ మొదటి రకం వకిజాషి, అంటే కటానా కన్నా కురచ కత్తి. గుడి దగ్గర పాత సామాన్ల సంతలో దొరికింది. పేరు చదవగలిగాననే సంబరంలో అడిగిన డబ్బు ఇచ్చేశా. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అసలు సంతకమే లేని కత్తుల్లో ఆణిముత్యాలున్నాయి. కామకురా కాలపు (12 నుంచి 14వ శతాబ్దం దాకా) పొడవాటి కత్తులను తర్వాతి తరాలవాళ్లు కురచ చేసుకున్నారు. కురచ చేసేటప్పుడు కోసేది కింది నుంచే, అంటే నకాగో వైపు నుంచి. పేరు ఆ ముక్కతో పోతుంది. సంతకం లేదని వదిలేసేవాడు, సంతకం ఉందని ఎగబడేవాడు, ఇద్దరిదీ ఒకటే జబ్బు.

మరి ఎలా చూడాలి? ఇక్కడ కత్తులు నేర్చుకునే సమావేశాల్లో నకాగోను గుడ్డతో కప్పేసి చేతికిస్తారు. కత్తి చూసి ఏ కాలం, ఏ ప్రాంతం, ఎవరి పని అని మనం చెప్పాలి. చెప్పాకే గుడ్డ తీస్తారు. నేను తొమ్మిదేళ్లుగా వెళ్తున్నా, ఇప్పటికీ సగం తప్పులే. కానీ ఆ గుడ్డ అలవాటు నన్ను రెండుసార్లు కాపాడింది. మీరూ జేబురుమాలు పెట్టుకెళ్లండి. దుకాణంలో నకాగో విప్పి చూపిస్తే సంతకం మీద కప్పండి. నవ్వితే నవ్వనివ్వండి.

ముందు ఆకారం చూడండి. తర్వాత గదిలో ఒక్క బల్బు ఉంచుకుని, దానివైపు కత్తి మొన చూపిస్తూ మెల్లగా వంచుతూ వాదర వెంట చూడండి. అక్కడ మబ్బులా పాకే గీత హమోన్. అసలుదైతే ఆ గీతలో పొగమంచు లాంటి తెలుపు, కొన్నిట్లో ఇసుక రేణువుల్లాంటి మెరుపులు కదులుతాయి. యాసిడ్‌తో గీసిన గీత ఎటు తిప్పినా ఒకేలా చచ్చుగా ఉంటుంది. ఇక్కడ ఇంకో తిరకాసుంది. సాన పట్టేవాళ్లు అందం కోసం హమోన్ చుట్టూ తెల్లగా దిద్దుతారు. ఫోటోల్లో కనిపించేది ఎక్కువగా ఆ తెలుపే, దాన్నే హమోన్ అనుకుని మురిసిపోతాం.

ఆ తర్వాత హగిరె. వాదర నుంచి అడ్డంగా లోపలికి పోయే వెంట్రుకంత పగులు. నూనె పూసి ఉంటే కనపడదు, ఫోటోలో అసలే కనపడదు. చిన్న పొక్కులు, పొరలు విడిన గీతలు ఉంటే ధర తగ్గించి అడగొచ్చు, హగిరె ఉంటే మాత్రం కత్తి చచ్చినట్టే లెక్క. నూనె తుడిచి చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

అలంకారంగా చెక్క నారల్లాంటి గీతలు కొట్టొచ్చినట్టు కనిపించేవాటిని "డమాస్కస్ కటానా" అని అమ్ముతున్నారు. డమాస్కస్ ఉక్కు కథలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉంది, మూసలో కరిగించిన మన ఉక్కు ఉంది. జపాన్ కత్తికి దాంతో చుట్టరికం లేదు. ఆ రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే చదవడం ఆపేయండి.

ఇక కాగితాలు. జపాన్‌లో రెండు రకాల కాగితాలను కొత్తవాళ్లు కలగలిపేస్తారు. ఒకటి తోరోకుషో, ఆ ప్రాంత విద్యామండలి ఇచ్చే రిజిస్ట్రేషన్ కార్డు. వాదర 15 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న ప్రతి కత్తికీ ఇది ఉండాలి. దాని మీద పొడవు, వంపు, నకాగోలో పిడి మేకు కోసం చేసిన రంధ్రాల సంఖ్య, సంతకం రాసి ఉంటాయి. సంతకం "రాసి ఉంటుంది" అంటే ఇనుము మీద కనిపించింది రాసుకున్నారని అర్థం. నిజమని ఎవరూ పూచీ పడలేదు. మా గుంటూరు కుర్రాడు పడింది ఇక్కడే. "గవర్నమెంట్ కార్డులోనే కొతెత్సు అని ఉంది కదన్నా" అన్నాడు.

రెండోది పరీక్ష పత్రం. 1948లో ఏర్పడిన జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం, టోక్యో ర్యోగొకులో కత్తుల మ్యూజియం నడిపేదీ అదే, కత్తిని పరీక్షించి హొజోన్, తొకుబెత్సు హొజోన్, జూయో, తొకుబెత్సు జూయో అనే మెట్లలో పత్రాలిస్తుంది. పేరుకు డబ్బు కట్టాలనుకుంటే కనీసం ఈ పత్రం ఉండాలి. ఇందులో మొదటి రెండు మెట్లూ 1982 నుంచి ఉన్నాయి. వాటి స్థానంలో అంతకుముందు ఇచ్చినవి, ముఖ్యంగా ఆకుపచ్చ పత్రాలు, చూపిస్తే వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. వాటిలో చాలా అవకతవకలు జరిగాయి. అమ్మేవాడి సొంత సర్టిఫికెట్ పకోడీలు కట్టుకోవడానికి పనికొస్తుంది. పత్రం ఉన్నా ఊరుకోవద్దు, ఒక కత్తి పత్రం ఇంకో కత్తికి తగిలిస్తారు. పత్రంలో నకాగో ఫోటో ఉంటుంది. రంధ్రాలు, ఆకురాయి గీతలు, అక్షరాల వంపు పక్కపక్కన పెట్టి చూడండి.

సంతకాన్ని పూర్తిగా నమ్మగలిగే దారి ఒకటుంది. బతికున్న కమ్మరి దగ్గర కొత్త కత్తి చేయించుకోవడం. లైసెన్సున్న గురువు దగ్గర కనీసం ఐదేళ్లు శిష్యరికం చేస్తేగానీ ఇక్కడ కమ్మరికి అనుమతి రాదు. నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయకూడదు. ధర పది లక్షల యెన్ దాటడం మామూలే, నెలల తరబడి ఆగాలి. ఆగలేనివాళ్లే వేలంలో కొతెత్సులు కొంటారు.

ఇండియాకు తీసుకెళ్లేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి. జపాన్ దాటించాలంటే సాంస్కృతిక వ్యవహారాల సంస్థ ఇచ్చే ఎగుమతి పత్రం కావాలి, దానికి వారాలు పడుతుంది. ట్రిప్ చివరి రోజు కొని సూట్‌కేసులో పెట్టుకుపోవడం కుదరదు. మన వైపు ఆయుధాల చట్టం 1959 ఉంది. లైసెన్సు లేకుండా ఆయుధాలు దేశంలోకి తేకూడదు, 2016 నాటి నిబంధనల జాబితాలో కత్తులు పేరుతో సహా ఉన్నాయి. తల్వార్‌తో పుట్టినరోజు కేకు కోసి వీడియో పెట్టిన కుర్రాళ్ల మీద మన పోలీసులు కేసులు పెట్టిన వార్తలు చదివే ఉంటారు. "ఆర్ట్ పీస్ సార్" అనే మాట శంషాబాద్ కస్టమ్స్‌లో పనిచేస్తుందని ఆశపడొద్దు. లైసెన్సు సంగతి లాయర్‌తో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

ఇక వరసగా చెప్పేస్తా, రాసుకోండి.

జపాన్‌లో ఉండి కొంటే 20 రోజుల్లోపు యజమాని మారాడని విద్యామండలికి తెలియజేయాలి. కత్తి ఎటు కదిలినా తోరోకుషో దాంతోనే ఉండాలి.

తోరోకుషో లేని కత్తిని ముట్టుకోవద్దు, "తర్వాత చేయించుకోవచ్చు" అన్నా సరే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో చేసినవాటికి ఇక్కడ రిజిస్ట్రేషన్ రాదు, కత్తి పోలీసుల పాలవుతుంది.

సంతకం చూసి కొనొద్దు.

నకాగో తుప్పు గీకొద్దు. ఆ నల్లటి తుప్పే దాని వయసు. అమ్మమ్మ ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో తోమినవాణ్ని నేను చూశాను. మెరిసింది, ధర సగానికి పడింది.

వాదర మీద మచ్చ కనిపిస్తే గరుకు కాగితం పట్టొద్దు. సాన పట్టే నిపుణుడికే ఇవ్వండి, వాళ్లు మూడు సెంటీమీటర్ల ముక్కకింత అని లెక్కగడతారు. కొనేముందే ఆ ఖర్చు కలుపుకోండి. ప్రతి సానకూ కొంత ఉక్కు పోతుంది. ఎన్నోసార్లు సాన పట్టి అరిగిన కత్తిలో లోపలి మెత్తటి ఇనుము బయటపడి ఉంటుంది. అది చూసుకోండి.

ఎత్తేముందు పిడిలో వెదురు మేకు బిగుతుగా ఉందో లేదో చూడండి. ఊడితే కత్తి పిడిలోంచి ఎగిరిపోతుంది.

వాదర పైకి, వెన్ను ఒరకు ఆనించి, ఒక్క ఊపులో కాకుండా నిదానంగా తీయండి. ఒర మూతి దగ్గర వేళ్లు వాదర వైపు రానివ్వొద్దు. పాత ఒర చీలితే కోసుకుపోయేది అక్కడే.

జారిపడితే పట్టుకోవద్దు. లక్షల కత్తైనా పడనివ్వండి.

కత్తి మీద మాట్లాడొద్దు, తుంపరలు పడి తుప్పు పడుతుంది. ఉక్కును వేలితో తాకొద్దు.

కొబ్బరినూనె పూయొద్దు.

దసరాకి బొట్టు ఒరకు కూడా వద్దు, పక్కన కాగితం మీద పెట్టండి. నిమ్మకాయ మాత్రం దాంతో కోయొద్దు, దండం పెట్టి చెబుతున్నా. ఆ పులుపు సాన మెరుపును తినేస్తుంది.

తాగి చూపించొద్దు. పిల్లలున్నప్పుడు తీయొద్దు. సెల్ఫీ వద్దు.

తొందర పెట్టే అమ్మకందారు దగ్గర కొనొద్దు. "ఇంకొకరు అడిగారు" అంటే వాళ్లకే ఇవ్వమనండి.

సంతకం చూసి కొనొద్దు. చదవడం వచ్చినా సరే, చదవడం వస్తే మరీనూ.

ఇప్పటికే కొనేసి పత్రం రాక తల పట్టుకున్నవాళ్లు, ఆ సంతకాన్ని మీరే చెరపడానికి కూర్చోవద్దు. మంచి కత్తైతే దొంగ పేరు తీయించి, పేరు లేనిదిగా మళ్లీ పరీక్షకు పంపే దారి ఉంది. కానీ అది పత్రం నిరాకరించాక, తెలిసినవాళ్లతో మాట్లాడాక తీసుకునే నిర్ణయం, ఒకసారి చెరిపితే మళ్లీ రాదు. అమ్మినవాడు అసలైనదని రాసిచ్చిన కాగితం, చెల్లింపు రసీదు, వేలం పేజీ బొమ్మలు జాగ్రత్త చేసి ముందు డబ్బు వెనక్కి అడగండి.

ఆ రోజు కుర్రాడి కత్తిని జేబురుమాలు కప్పి బల్బు కింద చూశాం. మరీ తీసిపారేసేది కాదు, హమోన్ పొందిగ్గా ఉంది, హగిరె లేదు. ఆ పేరు లేకుండా నా దగ్గరకొస్తే రెండు లక్షలు పెట్టేవాణ్ని. అదే చెప్పాను. కత్తి తుడిచి నూనె రాసి ఒరలో పెట్టాక, ఇంటికి ఫోన్ చేస్తానని బాల్కనీలోకి వెళ్లాడు.