బ్లాగు ఎందుకు ఆగింది? చిత్తుప్రతులను బట్టి కారణం పట్టుకోవడం

బ్లాగు ఎందుకు ఆపేశారని అడిగితే చాలామంది చెప్పే కారణాలు రెండే: తీరిక లేదు, బద్ధకం. రెండూ నిజమే కావచ్చు గానీ ఆ జవాబులతో చేయగలిగింది ఏమీ లేదు. బద్ధకం అని పేరు పెట్టిన చోట సాధారణంగా అంతకంటే చిన్నదీ, బాగుచేయదగినదీ అయిన లోపం ఒకటి దాక్కుని ఉంటుంది. అది ఎక్కడుందో తెలుసుకోవాలంటే మీ జ్ఞాపకాన్ని కాదు, డాష్‌బోర్డులోని (బ్లాగును నిర్వహించుకునే పేజీలోని) చిత్తుప్రతుల జాబితాను అడగాలి.

జాబితా తెరిచి, ఏ టపా (బ్లాగులో పెట్టే రచన) ఏ దశలో ఆగిందో మాత్రమే చూడండి. అది బాగుందా లేదా అన్న విచారణ ఇప్పుడు వద్దు. అసలు మొదలే కానివి, పేరు పెట్టి వదిలేసినవి, నడిమధ్యలో ఆగినవి, పూర్తయ్యీ ప్రచురణకు నోచుకోనివి అని విడదీస్తే, ఏ రకం ఎక్కువగా తేలితే మీ ఇబ్బంది అక్కడ ఉన్నట్టు. ఒక దశకు పనికొచ్చే మందు మరో దశలో వికటిస్తుంది కాబట్టి ఈ పరిశీలనను దాటవేయకూడదు. పూర్తయిన టపాలు ఐదు దగ్గర పెట్టుకుని ప్రచురించలేకపోతున్న మనిషికి రోజూ అరగంట రాయమని సలహా ఇస్తే, ఆరో టపా కూడా వెళ్ళి ఆ ఐదింటి పక్కనే చేరుతుంది.

సమస్య: జాబితాలో ఏమీ లేదు, రాయడానికి విషయమే తోచదు

కారణం: విషయాలు లేకపోవడం అరుదు. అవి తోచే వేళ వేరు, రాయడానికి కూర్చునే వేళ వేరు. చిక్కంతా అక్కడే ఉంది. స్నానం చేస్తున్నప్పుడో, బస్సు కోసం నిలబడినప్పుడో, ఎవరితోనో వాదించి వచ్చాక అసలు అనవలసిన మాట ఆలస్యంగా గుర్తొచ్చినప్పుడో తోచిన సంగతి, రాత్రి కంప్యూటరు ముందు కూర్చునేసరికి ఉండదు. ఖాళీ పేజీని ఎదురుగా పెట్టుకుని ఇవాళ ఏం రాయాలి అని ఆలోచించడం పొయ్యి వెలిగించాక సరుకులకు బయలుదేరడం లాంటిది.

పరిష్కారం: ఫోనులో నోట్సు అయినా, జేబులో చిన్న పుస్తకమైనా, ఒకే చోటు పెట్టుకుని తోచినప్పుడే రాసుకోవాలి. ఇది అందరూ చెప్పేదే. అయితే రాసుకునేది ఒక మాట కాకూడదు, వాక్యం కావాలి. 'గొడుగు' అని రాసుకుంటే వారం తర్వాత ఆ మాట మీకే అర్థం కాదు. 'తడిసిన గొడుగుతో వచ్చినాయన, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయాడు' అని రాసుకుంటే టపా సగం అందులోనే ఉంది. అంత పొడుగు టైపు చేయడం భారమనిపిస్తే ఫోను కీబోర్డులోని మైకు నొక్కి చెప్పండి. అది చేసే అక్షరదోషాలను తర్వాత దిద్దుకోవచ్చు, జారిపోయిన సంగతిని మాత్రం వెతికి తెచ్చుకోలేము.

సమస్య: పేర్లున్నాయి, ఒకటి రెండు పేరాలున్నాయి, ముందుకు కదలవు

కారణం: ఎత్తుకున్న విషయం మరీ పెద్దది. నా జాబితాలో 'నేటి చదువులు' అనే పేరుతో ఒక చిత్తుప్రతి పదకొండు నెలలు పడి ఉంది. మొదటి పేరాలో విద్య ప్రయోజనం గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఎవరు రాసినా అవే రాస్తారు. రెండో పేరా మొదలుపెట్టాలంటే పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, ఫీజులు, ఉద్యోగాలు అన్నీ చదివి రావాలనిపించేది, చదవడానికి సమయం చిక్కేది కాదు. అసలు ఆ టపా రాయాలని ఎందుకు అనిపించిందో వెనక్కి వెళ్ళి చూసుకుంటే, అది ఒక లెక్కల నోటుపుస్తకం. ఒక భాగహారాన్ని పిల్లవాడు రబ్బరుతో ఎన్నిసార్లు చెరిపాడో గానీ, కాగితం పలచబడి చిరిగి, వెనక పేజీలోని అంకెలు ఇటు కనిపిస్తున్నాయి. ఆ చిరుగు పక్కనే ఎర్ర సిరాతో 'శుభ్రత లేదు' అని రాసి ఉంది. పేరు మార్చి ఆ ఒక్క పేజీ గురించి రాస్తే గంటలోపు టపా పూర్తయింది. చదువుల మీద నేను చెప్పదలచుకున్నది కూడా విడిగా చెప్పనక్కరలేకుండా అందులోనే వచ్చేసింది.

పరిష్కారం: ఆగిన ప్రతి చిత్తుప్రతి దగ్గరా 'దీన్ని రాయాలని ఏ రోజున, ఏది చూసి అనిపించింది' అన్న ప్రశ్న వేసుకుని, దాని జవాబునే టపాగా రాయాలి. జవాబు గుర్తురాకపోతే ఆ చిత్తుప్రతిని నిశ్చింతగా తీసేయవచ్చు. రాస్తే గౌరవంగా ఉంటుందని తలకెత్తుకున్న విషయమే తప్ప అది మీ విషయం కాదు.

చిన్న టపా రాయడం నామోషీ అనుకునేవారు ఈ ప్రక్రియ ఎలా మొదలైందో గుర్తు చేసుకోవాలి. 1997 డిసెంబరులో తొలితరం బ్లాగు రచయిత జోర్న్ బార్గర్ 'వెబ్‌లాగ్' అన్న మాటను ఉపయోగించినప్పుడు దాని అర్థం, వెబ్‌లో తిరుగుతూ తాను చూసినవాటి చిట్టా. ఒక లంకె, దాని పక్కన ఒకటి రెండు ముక్కల వ్యాఖ్య ఉంటే ఆ రోజు పద్దు ముగిసినట్టే. 1999లో మరో బ్లాగు రచయిత పీటర్ మెర్‌హోల్జ్ ఆ మాటను విరిచి 'బ్లాగ్' అన్నాడు, అదే ఏడాది బ్లాగర్ సేవ మొదలై, వెబ్ పేజీ తయారు చేయడం రానివారికి కూడా రాసే దారి తెరుచుకుంది. వెయ్యి మాటలుంటేనే టపా అన్న కొలత ఆ తర్వాత మనం తెచ్చిపెట్టుకున్నదే.

సమస్య: బాగా సాగుతున్న టపా సగంలో ఆగింది, మళ్ళీ తెరవబుద్ధి కాదు

దీనికి ఒక కారణం, ఆలోచన అయిపోయిన చోట లేవడం. తర్వాత ఏం రాయాలో తెలియని స్థితిలో మూసిన ఫైలును తెరిస్తే మళ్ళీ ఆ తెలియనితనమే ఎదురవుతుంది కాబట్టి మనసు దాన్ని తప్పించుకు తిరుగుతుంది. తర్వాతి వాక్యం ఏమిటో తెలిసి ఉన్నప్పుడే లేవండి. లేచే ముందు ఆ వాక్యాన్ని సగం వరకు రాసి వదిలేయండి. మర్నాడు దాన్ని పూర్తి చేయడంతోనే చెయ్యి ఆడడం మొదలవుతుంది.

రాస్తూ రాస్తూ దిద్దుకోవడం మరో కారణం. మొదటి పేరాను ఆరుసార్లు దిద్దిన మనిషికి ఐదో పేరా రాసే ఓపిక మిగలదు. చివరి వరకు వెనక్కి చూడకుండా రాసి, మాట గుర్తురాని చోట ఒక నక్షత్రపు గుర్తు పెట్టి ముందుకు పోయి, దిద్దుబాటును మరో పూటకు ఉంచాలి. ఇదీ సాగకపోతే, ఉన్న సగానికే ముగింపు వాక్యం ఒకటి పెట్టి చూడండి. మిగతా సగం అక్కర్లేదని అప్పుడే తెలుస్తుంది, చాలాసార్లు.

సమస్య: టపా పూర్తయింది, 'ప్రచురించు' మీట నొక్కడానికి చెయ్యి రాదు

ఇక్కడ తొందరపడి ధైర్యం చెప్పకూడదు, ఎందుకంటే చేతిని ఆపుతున్నది భయమో వివేకమో ముందు తేలాలి. టపాలో ఇంకొకరి అనారోగ్యమో, అప్పో, కాపురమో ఉండి, చదివిన పరిచయస్తులు ఆ మనిషిని ఇట్టే పోల్చుకోగలిగితే మీ సంకోచం సరైనదే. ఆ మనిషిని అడగండి, లేదా ఆ భాగం తీసేయండి. పేరు మార్చినంత మాత్రాన ఆనవాలు చెరిగిపోదు, తెలిసినవారికి సంఘటన ఒక్కటే చాలు. ప్రస్తుతానికి పెట్టి, ఇబ్బందైతే తొలగించవచ్చులే అనుకోవడం కూడా పొరపాటు. ఫీడు (కొత్త టపాలను చదువరులకు దానంతటదే చేరవేసే ఏర్పాటు) ద్వారా అందుకున్నవారి దగ్గరా, వెబ్ పేజీలను భద్రపరిచే ఆర్కైవులలోనూ నకలు మిగిలిపోవచ్చు.

అలాంటిదేమీ లేక, కేవలం ఇంకా బాగా రావాలనిపిస్తూ ఉంటే కారణం వేరు: మీకు నచ్చిన రచయితలు ఎన్నోసార్లు దిద్ది అచ్చు వేయించుకున్న పుటల పక్కన మీ మొదటి ప్రతిని పెట్టి చూసుకుంటున్నారు. దానికి మందు గడువు. పూర్తయిన రాత్రే ప్రచురించకుండా, మర్నాడు ఒకసారి పైకి చదివి, నాలుక తడబడిన వాక్యాలను మాత్రమే సరిచేసి, ఆ పూటే ప్రచురించాలి. రెండోసారి చదివితే మళ్ళీ మొదటికొస్తుంది. పైగా అచ్చయిన పేజీలా కాక, టపాను తర్వాత కూడా దిద్దుకునే సౌకర్యం మనకుంది. చెప్పుకోదగ్గ తప్పును సరిచేస్తే చివర ఒక వాక్యంలో ఆ సంగతి చెబితే సరిపోతుంది.

సమస్య: నెల రోజులు విడవకుండా రాశాను, ఒక వారం తప్పింది, ఇక అంతే

నా పాత టపాలలో వరుసగా మూడు 'రాసి చాలా రోజులైంది, క్షమించాలి' అని మొదలవుతాయి. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య నెలల ఎడం ఉంది. నేను ఎవరిని క్షమాపణ కోరానో ఇప్పటికీ తెలియదు గానీ, ఆ వాక్యం రాయవలసి వస్తుందన్న జంకుతోనే మధ్యలో ఎన్నోసార్లు రాయకుండా లేచిపోయిన మాట మాత్రం గుర్తుంది.

కారణం: ఉత్సాహం పొంగిన వారంలో పెట్టుకున్న నియమాన్ని మామూలు వారాలు మోయలేవు, మోయలేని రోజున నియమం తప్పినందుకు అపరాధభావం మొదలవుతుంది. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న ప్రచారం ఈ బాధను పెంచుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, తిండికో వ్యాయామానికో సంబంధించిన ఒక చిన్న పని ప్రయత్నం లేకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టవచ్చని, మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చని అంచనా వేశారు. మంచినీళ్ళు తాగడం లాంటి పనుల సంగతే అది. టపా రాయడం అంతకంటే బరువైన పని. అదే అధ్యయనంలో మనకు ఎక్కువ పనికొచ్చే మరో సంగతి కూడా ఉంది: మధ్యలో ఒక అవకాశం తప్పిపోయినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదు.

పరిష్కారం: నియమాన్ని మీ మంచి వారాన్ని బట్టి కాక, ఇంట్లో జ్వరాలు, ఆఫీసులో గడువులు కలిసి వచ్చిన వారాన్ని బట్టి పెట్టుకోండి. ఆ వారంలో ఒక్కటీ రాయలేరనిపిస్తే నెలకు ఒకటే మీ నియమం, అందులో తక్కువతనమేమీ లేదు. గడియారాన్ని చూసి కాక, ఎలాగూ జరిగే ఒక పనిని అంటిపెట్టుకుని రాయండి. రాత్రి తొమ్మిది గంటలకు అనుకుంటే తొమ్మిది దాటగానే ఆ రోజు పోయినట్టే. ఆదివారం బట్టలు ఆరేసి వచ్చాక అనుకుంటే, అది పదకొండైనా మూడైనా ఆ పని తర్వాతే రాత వస్తుంది. విరామం తర్వాత రాసే టపాలో విరామం ఊసు ఎత్తవద్దు, నేరుగా విషయంలోకి వెళ్ళండి.

ఓపిక ఉన్న వారంలో రెండు టపాలు అదనంగా రాసి, ముందు తేదీలకు షెడ్యూలు చేసి పెట్టుకోవడం మంచిదే. అయితే సొంత హోస్టింగులో వర్డ్‌ప్రెస్ (బ్లాగు నడిపే సాఫ్ట్‌వేరు) నడిపేవారు ఒకటి గమనించాలి: అందులోని షెడ్యూలు వ్యవస్థ, మామూలు అమరికలో, ఎవరైనా సైటుకు వచ్చినప్పుడే పని చేస్తుంది. రాకపోకలు లేని బ్లాగులో ఉదయం ఆరింటికి పెట్టిన టపా మధ్యాహ్నం వరకు కదలకపోవచ్చు. సర్వరులోనే క్రాన్ పనిని (నిర్ణీత వేళకు దానంతటదే నడిచే ఆదేశాన్ని) ఏర్పాటు చేస్తే ఈ బెడద తీరుతుంది.

సమస్య: ఎవరూ చదవడం లేదనిపించి చెయ్యి ఆగుతుంది

సందర్శకుల అంకెలు చూపించేదంతా నిజం కాదు. ఫీడులో పూర్తి పాఠం ఇస్తున్న బ్లాగును ఫీడు రీడరులో చదివేవారు మీ పేజీకి రానే రారు కాబట్టి ఆ లెక్కలో పడరు. లెక్కలో పడినవారిలో కొందరు మనుషులే కారు, వెతుకులాట యంత్రాలు పంపిన బాట్లు. 2013 జులై 1న, ఫీడులు చదువుకునే సేవ అయిన గూగుల్ రీడర్ మూతపడ్డాక క్రమం తప్పక చదివేవారి దారులు చెదిరిపోయిన మాట వాస్తవమే గానీ, ఫీడు మాత్రం బతికే ఉంది. దాని ద్వారా చదివేవారికి మీరు మూడు నెలలు రాయకపోయినా పోయేదేమీ లేదు, రాసిన రోజున టపా వాళ్ళ దగ్గరికే వెళ్తుంది. కనుక ఫీడు సరిగా వస్తోందో లేదో ఒకసారి చూసుకుని, గణాంకాల పేజీని నెలకొకసారికి మించి తెరవకండి. అన్నిటికంటే బాగా పనిచేసేది, మీ టపాను ఎవరికి చెప్పాలనుకున్నారో ఆ ఒక్కరికి లంకె పంపడం.

సమస్య: బ్లాగు ముందు గంటలు గడుస్తున్నాయి, టపా మాత్రం రాదు

థీము, అంటే బ్లాగు రూపురేఖలు, మారుస్తున్నారు. ఆపండి. మూడు నెలలు థీమూ ప్లగిన్లూ ముట్టుకోనని పెట్టుకుని, టపాను డాష్‌బోర్డులో కాక మామూలు టెక్స్టు ఫైలులో రాసి తెచ్చి అతికించండి.

పైవేవీ వర్తించకపోతే

చిత్తుప్రతులు లేవు, భయం లేదు, తీరిక ఉంది, అయినా రాయాలని లేదంటే అది లోపం కాకపోవచ్చు. ఒక ప్రయాణం కోసమో, బిడ్డ పుట్టినప్పుడో, ఒక జబ్బు నుంచి కోలుకుంటూనో మొదలుపెట్టిన బ్లాగుకు ఆ సందర్భం తీరిపోయాక చెప్పడానికేమీ మిగలదు. అలాంటిదాన్ని బలవంతంగా నడపనక్కరలేదు. ఇక్కడితో ముగిసిందని ఒక చిన్న టపా పెట్టి, పాతవాటిని అలాగే చదువుకునేలా ఉంచండి. డొమైను గడువు తీరితే లంకెలన్నీ తెగిపోతాయి కనుక, అది తీరే లోపు మొత్తాన్ని దించి దాచుకోండి. వర్డ్‌ప్రెస్‌లో ఎగుమతి చేస్తే వచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో టపాలూ వ్యాఖ్యలూ ఉంటాయి గానీ బొమ్మలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. బొమ్మలున్న ఫోల్డరును విడిగా దించుకోవాలి.