పాత చీర ముక్క, ఫొటో, ఎర్రమట్టితో జ్ఞాపకాల బొమ్మ

చెక్క మీద బట్ట, ఫొటో అతికించి, మట్టి పూసి చేసే ఈ బొమ్మకు ముందు ఒక్క మనిషిని, ఒక్క చోటును ఎంచుకోండి. ‘మా ఊరు’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. నాయనమ్మ కూర్చునే అరుగు అంటే చేయి కదులుతుంది.

12 × 16 అంగుళాల ప్లైవుడ్‌కు తెల్ల అక్రిలిక్ ప్రైమర్ రెండు పూతలు వేయండి. నారాయణపేట చీర అంచైనా, గద్వాల చీర కొంగైనా ఉతికి గంజి పోగొట్టాలి. పుట్టపాక తేలియా రుమాల్ అయితే మరీ జాగ్రత్త. నూలుకు నూనె పట్టించి నేసే బట్ట అది, జిడ్డు మిగిలితే జిగురు పట్టదు. రెండు పాళ్ల ఫెవికాల్‌లో ఒక పాలు నీళ్లు కలిపి, బట్టను మధ్య నుంచి అంచులకు నొక్కుతూ అతికించండి.

అసలు ఫొటోను ఎప్పుడూ వాడొద్దు. కుడిఎడమలు తిప్పి లేజర్ ప్రింట్ తీయించండి. ఇంక్‌జెట్ రంగు తడికి కారిపోతుంది. ప్రింట్ మీద అక్రిలిక్ జెల్ మీడియం (ఆరాక పారదర్శకంగా మారే చిక్కటి జిగురులాంటిది) సమంగా రాసి, బట్ట మీద బోర్లించి, రాత్రంతా ఆరనివ్వండి. తెల్లారి కాగితాన్ని తడిపి వేలికొసతో గుండ్రంగా రుద్దితే, కాగితం చిన్నచిన్న ఉండలుగా లేచి వస్తుంది, కింద మొహం తేలుతుంది. గట్టిగా రుద్దితే కళ్లు, పెదవులే ముందు పోతాయి. కొద్దిగా చెరిగితే దిద్దకండి, గుర్తున్న మొహమూ అలాగే ఉంటుంది. ముదురు రంగు బట్ట మీద మాత్రం మొహం కనిపించదు, ఎందుకంటే ప్రింట్‌లోని తెలుపు బట్ట మీదికి రాదు.

చెల్క ఎర్రమట్టిని పల్చటి బట్టలో జల్లించి, రెండు చెంచాలకు ఒక చెంచా ఫెవికాల్ కలిపి, చెక్క మీద బట్ట లేని చోట పల్చగా మూడుసార్లు పూయండి. ఒకేసారి మందంగా పూస్తే ఆరేటప్పుడు కుంచించుకుని పగులుతుంది. నల్లరేగడి ఇంకా ఎక్కువ పగులుతుంది. ఎండిన చెరువు చూపాలంటే అదే వాడండి.