ఎండ్యూరెన్స్ (గుర్రపు స్వారీలో దూరప్రయాణ) పోటీకి ముందు గుర్రానికి పెట్టే మూలికల మందుల్ని ఎలా సరిచూసుకోవాలి?

"మందు కాదు కదండీ, మూలికే" అనే మాట లాయంలో వినిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. మార్ఫిన్ గసగసాల మొక్కదే, అట్రోపిన్ ఉమ్మెత్తదే. గుర్రం రక్తం, మూత్రం నమూనాలో నిషిద్ధ పదార్థం దొరికితే చాలు, అది చెట్టు నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని ఎఫ్‌ఈఐ (గుర్రపు స్వారీ పోటీల అంతర్జాతీయ సమాఖ్య) చూడదు.

మొదటి పని తేలిక. గుర్రం నోట్లోకి వెళ్లేవీ ఒంటికి రాసేవీ అన్నీ ఒక బల్ల మీద పెట్టండి. ఉప్పు, మామూలు ఎలక్ట్రోలైట్లు పక్కకు తీసేయండి. ఫోన్‌లో ఎఫ్‌ఈఐ నిషిద్ధ పదార్థాల డేటాబేస్ తెరిచి, మిగిలిన వాటిలో ఏమేం కలిపారో ఒక్కొక్కటీ వెతకండి.

చిక్కంతా ఇక్కడే. నొప్పులకు వాడే డెవిల్స్ క్లా అనే మూలికను డబ్బా మీద "హార్పగోఫైటమ్" అని లాటిన్‌లో వేస్తారు. అందులోని హార్పగోసైడ్ జాబితాలో ఉంది. గుర్రాన్ని నెమ్మదింపజేసే పొడుల్లో వలేరియన్ ఉంటుంది, అదీ పనికిరాదు. విల్లో బెరడు ఒంట్లో శాలిసిలిక్ ఆమ్లం అవుతుంది. గ్వరానా అంటే కెఫీన్, కోకో అంటే థియోబ్రోమిన్. పూత మందుల్నీ వదలకండి. 2008 ఒలింపిక్స్ గుర్రపు స్వారీ పోటీలు హాంకాంగ్‌లో జరిగినప్పుడు మన మిరపకాయ ఘాటే, అంటే క్యాప్సైసిన్, బయటపడి నార్వే జట్టు కాంస్యం పోగొట్టుకుంది.

లేబుల్‌లో ఏ పేరూ తగల్లేదని నిశ్చింతగా ఉండకండి. మూలికల్లో బ్యాచ్ బ్యాచ్‌కీ మోతాదు మారుతుంది, ఒక్కోసారి రాయనిదీ కలిసిపోతుంది. "ఎఫ్‌ఈఐ ఆమోదం" అని వేసుకున్న డబ్బాను నేను ముట్టను. ఎఫ్‌ఈఐ ఏ ఉత్పత్తికీ ఆమోదం ఇవ్వదు.

మరి ఎన్నాళ్ల ముందు ఆపాలి? ఫినైల్‌బ్యుటజోన్ అనే నొప్పి మందుకైతే ఎఫ్‌ఈఐ 7 రోజుల గుర్తింపు కాలం (మందు నమూనాలో కనబడే కాలం) ప్రకటించింది. ఆ తర్వాత కూడా ఇంకొంత గడువు కలిపి ఎప్పుడు ఆపాలో చెప్పేది వెటర్నరీ డాక్టరే. మోతాదే తెలియని మూలికకు ఆ లెక్క ఎవరు వేస్తారు? పక్క లాయం వాళ్ల "మాకేం కాలేదు" లెక్క కాదు. సీజన్ మొదలైతే మూలిక లాయంలోకి రాకూడదు, అంతే. వెట్ గేట్ (పోటీ మధ్యలో డాక్టర్లు గుర్రాన్ని పరీక్షించే చోటు) దగ్గర గుండె వేగం నిమిషానికి 64కి దిగడానికి కషాయాలు పోసేవాళ్లుంటారు. ఒంటి మీద నీళ్లు, నీడ, మంచి శిక్షణ వీటితోనే దిగాలి.

ఇచ్చిన ప్రతి మందునూ తేదీతో మెడికేషన్ లాగ్‌బుక్‌లో రాయండి, మేత బ్యాచ్ నంబరుతో పాటు గుప్పెడు నమూనా దాచండి. గ్రూమ్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) ఏం పెట్టినా బాధ్యత రైడర్‌దే. కాఫీ కప్పులు లాయం బయటే ఉంచాలి. ఇది చెప్పడానికి మొహమాటపడకండి: గుర్రం పడుకునే గడ్డిలో మూత్రం పోయొద్దని గ్రూమ్‌లకు గట్టిగా చెప్పండి. వాళ్లు మింగిన మాత్రలు ఆ గడ్డి ద్వారా గుర్రం నమూనాలో తేలతాయి.