ఢిల్లీలో అమెరికా విమానం అందుకోవాలంటే

శంషాబాద్ నుంచి ఢిల్లీకి చవక టికెట్ ఉందని చెల్లెలు ఫోన్ చేస్తే, ముందు టెర్మినల్ చూడమన్నాను. అంతర్జాతీయ విమానాలు టీ3 నుంచి బయల్దేరతాయి. చవక ఫ్లైట్ టీ1లో దింపిందా, సామాను తీసుకుని రోడ్డు మీదుగా పోవాల్సిందే. ముంబైలోనూ టీ1 వేరు, టీ2 వేరు.

అసలు దెబ్బ లగేజీ దగ్గర. అమెరికా టికెట్ మీద చాలావాటిలో 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. విడిగా కొన్న దేశీయ టికెట్‌కి మామూలుగా 15 కిలోలే. ఆవకాయ, కారప్పొడులు, చెల్లెలి విషయంలో ఇడ్లీ ప్లేట్లు కూడా, అన్నీ కుక్కిన 46 కిలోల్లో మిగతా 31 కిలోలకి ఛార్జీ ఎంతో చూసి టికెట్ ధరకి కలపండి. చవక ఎంతో అప్పుడు తేలుతుంది. అదనపు బరువు ఆన్‌లైన్‌లో ముందే కొంటే కౌంటర్ కన్నా తక్కువ పడుతుంది.

రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే, మొదటిది లేటైనా తర్వాతి ఫ్లైట్ వాళ్లే సర్దుతారు. రెండు మూడు వేలు ఎక్కువైనా నేనైతే అదే కొంటాను. విడివిడిగా కొంటే పూచీ మీదే కాబట్టి ఐదారు గంటల గ్యాప్ పెట్టుకోండి. డిసెంబర్, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు టెన్షన్ వేరే ఉంది. ఆ నెలల్లో తెల్లవారుజామున దిగే ఫ్లైట్ వద్దు, ముందురోజు మధ్యాహ్నానిది చూడండి.